బత్తాయి ఎండు పుల్లల్లో మిల్లీమీటరు పెంకు పురుగులు: ఇవేం పురుగులు, మందు కొట్టాలా?

హాలియా తోట:

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాల్వ కింద నాలుగెకరాల సాత్‌గుడి బత్తాయి ఉంది, పన్నెండేళ్ల తోట. కాయ కోత అయిపోయింది, ఇప్పుడు ఎండు పుల్లలు తీయిస్తున్నాం. కూలీలు కోసి కుప్ప వేసిన వాటిలో పెన్సిల్ కంటే సన్నటి పుల్లలు కొన్ని విరిచి చూశాను. లోపల బెండు ఉండాల్సిన చోట సన్నటి సొరంగం, అందులో గసగసాల గింజంత నల్లటి పెంకు పురుగులు. బెరడు మీద సూదితో పొడిచినట్టు రంధ్రాలు. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్‌తో తీసిన ఫోటోలు పెడుతున్నాను. స్కేలు పక్కన పెట్టి కొలిస్తే ఒక మిల్లీమీటరు, లేదా కాస్త ఎక్కువ.

మా బాపు ఒక పుల్ల జేబులో వేసుకుని మందుల షాపుకు పోయిండు. షాపాయన దాన్ని వెలుతురులో పెట్టి కూడా చూడలేదట. "బెరడు తొలిచే పురుగు పెద్దాయనా, ఇప్పుడు కొట్టకపోతే తోట మీద ఆశ వదులుకో" అని రెండు డబ్బాలు అంటగట్టాడు. బిల్లు చూసినప్పటి నుంచి నాకు టెన్షన్. డబ్బాల మూత ఇంకా తీయలేదు.

నెట్‌లో వెతికితే ఇంకో తలనొప్పి. ఫోటో పెడితే హైపోథెనెమస్ అని వచ్చింది. సరే అని ఆ పేరుతో వెతికితే ఒకచోట స్కోలిటిడే కుటుంబం అని ఉంది, ఇంకోచోట కర్కులియోనిడే అని. ఒకరు క్రిఫాలిని తెగ అంటారు, ఇంకొకరు ట్రిపోఫ్లీయిని అంటారు. ఒక్క పురుగుకు ఇన్ని ఇంటిపేర్లేంది? ఏది నమ్మి ఏ మందు కొట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నిడమనూరు అన్న:

పేర్ల సంగతి నాకు తెల్వదు తమ్మీ. కల్వకుర్తి దిక్కు మా బావమరిది దానిమ్మ పెట్టిండు. ఇట్లనే సూది రంధ్రాలు పడ్డయి, షాట్ హోల్ బోరర్ అన్నరు. చెట్టు తర్వాత చెట్టు నిలువునా ఎండిపోయింది. ఆలోచించుకుంట కూసుంటే తోట ఆగదు. కొట్టు.

పాలెం పురుగులక్క:

తమ్ముడూ, ఆ డబ్బాల మూత అలాగే ఉండనీ. బిల్లు జాగ్రత్త చెయ్.

నేను పాలెంలో అగ్రికల్చర్ చదివి, పీజీలో కీటకశాస్త్రం తీసుకున్నదాన్ని. ఇప్పుడు వనపర్తిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పుకుంటున్నాను. పురుగులక్క అనే పేరు పెట్టింది మా విద్యార్థులే, నేను కాదు.

నీ మూడో ఫోటో, నాలుగో ఫోటో చాలా బాగా వచ్చాయి. పెద్దవి చేసి చూడు. మీసం మధ్యలో వంగి, చివర గుండుగా ఉంది. తలను పైనుంచి కప్పేసిన మెడ డిప్ప ముందంచున చిన్న చిన్న పళ్లున్నాయి, వాటి వెనక గరుకు బుడిపెలు. రెక్కల డిప్పల మీద పొట్టిగా, వెడల్పుగా ఉన్న వెంట్రుకలు వరుసకట్టి నిలబడ్డాయి. ఇవన్నీ ఒక్క మిల్లీమీటరు ఒంటి మీద కనిపిస్తే హైపోథెనెమస్ ప్రజాతి అనే నేనూ అంటాను. జాతి హైపోథెనెమస్ ఎరుడిటస్ కావడానికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఉష్ణమండలంలో ఏ చెట్టు ఎండు పుల్ల విరిచినా దొరికే రకం అది. అయితే ఫోన్ ఫోటో చూసి జాతి ఖాయం చేసేవాళ్లను నమ్మొద్దు, అందులో నేనూ ఉన్నాను.

ఇక షాపాయన సంగతి. బత్తాయిలో మనవాళ్లు బెరడు తొలిచే పురుగు అనేది ఇందర్బేలా అనే రెక్కల పురుగు తాలూకు గొంగళిని. అది కొమ్మల పంగ దగ్గర రంధ్రం చేసుకుని పగలంతా అందులో దాక్కుంటుంది. రాత్రి బయటికొచ్చి బెరడు గీకి తింటుంది. మాను మీద పట్టుదారం, పెంటికలు, పొట్టు కలిసిన గూడు పట్టీలా పొడుగ్గా వేలాడుతుంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. దాని వైద్యం వేరు: గూడు ఊడ్చేసి, రంధ్రంలోకి పెట్రోల్‌లో ముంచిన దూది దూర్చి బంకమట్టితో మూసేస్తారు. నీ ఫోటోల్లో ఆ గూడు ఎక్కడా లేదు. మీ బాపు చేతిలో ఉన్నది ఒకటి, షాపాయన మందిచ్చింది ఇంకోదానికి.

నిడమనూరు అన్నా, మీరు చెప్పింది నేను కొట్టిపారేయను. దానిమ్మలో వచ్చే షాట్ హోల్ బోరర్ కూడా ఈ వంశానిదే, కానీ దాని బతుకు వేరు. యూవాలేసియా ఫోర్నికేటస్ అంటారు. శ్రీలంక తేయాకు తోటల్లో పేరు మోసిన పురుగు, 1868లో ఐఖాఫ్ అనే జర్మన్ దానికి పేరు పెట్టాడు. అది చెట్టును తినదు. బతికున్న కొమ్మలో సొరంగం తవ్వి, నోటి దగ్గరున్న చిన్న సంచిలో మోసుకొచ్చిన బూజును ఆ గోడల మీద నాటి, ఆ పంట తిని బతుకుతుంది. అందుకే సొరంగం గోడలు నల్లబడి ఉంటాయి. దానిమ్మకు అదే సమయంలో సెరాటోసిస్టిస్ ఎండు తెగులు కూడా పట్టిందంటే చెట్టు నిలబడటం కష్టం. మీ బావమరిది బాధ నిజమే. బత్తాయి ఎండు పుల్లలో ఉన్నది మాత్రం అది కాదు.

తేల్చుకోవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. ఎండు పుల్ల మొదలు దగ్గర, పచ్చి కొమ్మను కలిసే చోట, బ్లేడుతో నిలువుగా చీల్చు. రంధ్రాలూ సొరంగాలూ ఎండిన భాగంలోనే ఆగిపోయి, పచ్చి చెక్క శుభ్రంగా ఉంటే, పుల్ల చచ్చాక వచ్చిన పురుగన్నమాట. పచ్చి భాగంలోకి నల్లటి గోడల సొరంగం దిగి ఉంటే నాకు వెంటనే ఫోటో పెట్టు, అప్పుడు వేరే మాట మాట్లాడుకుందాం. రాలే పొడి కూడా చూడు. హైపోథెనెమస్ తవ్వితే గోధుమ రంగు సన్న పలుకులు పడతాయి. పౌడర్ డబ్బాలోంచి రాలినంత మెత్తగా ఉంటే అది చెక్క సామాన్లను తినే ఇంకో పురుగు.

ఇప్పుడు నీ ఇంటిపేర్ల ప్రశ్న. నాకు ఇష్టమైంది ఇదే, ఓపిక లేనివాళ్లు కింది పోస్టుకు పోవచ్చు.

ఈ ప్రజాతిని నిలబెట్టినవాడు ఇంగ్లండులో జాన్ ఒబడయా వెస్ట్‌వుడ్, 1830ల్లో. ఆయనకు ఈ పురుగు దొరికింది అడవిలో కాదు, ఒక పుస్తకం అట్టలో. ఎండిన మొక్క సరుకు ఏదైనా సరే దానికి ఇల్లే అని ఆరోజే తెలిసిపోయింది. తర్వాత 1867లో ఫెరారి అనే ఆయన, ఫ్రాన్సుకు వ్యాపారానికి వచ్చిన కాఫీ గింజల్లో ఒక పురుగును చూసి పేరు పెట్టాడు. దాన్ని క్రిఫాలస్ ప్రజాతిలో వేశాడు. ఐఖాఫ్ 1871లో స్టెఫనోడెరెస్ అని ఇంకో ప్రజాతి కట్టాడు. ఆ కాఫీ పురుగు చాలాకాలం అందులో ఉండి, చివరికి హైపోథెనెమస్ హాంపీగా స్థిరపడింది. పాత కాఫీ పుస్తకాల్లో స్టెఫనోడెరెస్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, ఇదే పురుగు.

తర్వాత అమెరికాలో హాప్కిన్స్. 1915లో ఈ గుంపు మొత్తం మీద పెద్ద పుస్తకం వేసి, కాస్త తేడా కనబడితే చాలు ఒక కొత్త జాతి అన్నాడు. ఆ తర్వాత స్టీఫెన్ వుడ్ వచ్చి, 1982లో తన ఉద్గ్రంథంలో ఆ పేర్లను పెద్ద ఎత్తున కలిపేశాడు. ఒకాయన విడదీయడం, ఇంకొకాయన కలపడం. ఎరుడిటస్ అనే ఒక్క పేరు కింద డజన్ల కొద్దీ పాత పేర్లు చేరాయి.

ఎవరిది తప్పు అంటే, నా ఉద్దేశంలో తప్పు పురుగుదే. దీని సంసారం చూడు. ఒక తల్లి పుల్ల తొలుచుకుని లోపలికి పోయి గుడ్లు పెడుతుంది. పుట్టేవాళ్లలో దాదాపు అందరూ ఆడపిల్లలే, మగపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆ మగవి ఆడవాటికంటే చిన్నవి, కళ్లు సరిగా ఉండవు, ఎగరలేవు. పుట్టిన సొరంగంలోనే అక్కచెల్లెళ్లతో జతకట్టి అక్కడే చస్తాయి. ఆడవి కడుపుతోనే బయటికి ఎగిరి, ఒక్కొక్కటి ఒక్కో కొత్త పుల్ల వెతుక్కుంటుంది. ఓడలో పోయిన ఒక్క ఎండు కట్టెలో ఒక్క ఆడపురుగు ఉన్నా చాలు, ఇంకో ఖండంలో సంసారం మొదలైపోతుంది.

మేం క్లాసులో జాతి అంటే ఏమని చెబుతాం? తమలో తాము జతకట్టి సంతానం కనే జీవుల గుంపు అని. తోబుట్టువుల్లో తప్ప బయట సంబంధం దాదాపు లేని చోట ఆ నిర్వచనాన్ని ఎక్కడ తగిలిస్తావు? ప్రతి తల్లి సంతతీ తన దారిన తాను పోతుంది. ఒక సంతతిలో పళ్లు కాస్త ఎడంగా, ఇంకో సంతతిలో వెంట్రుకలు కాస్త వెడల్పుగా. హాప్కిన్స్‌కు కనిపించిన తేడాలు అబద్ధం కాదు, వుడ్‌కు కనిపించిన పోలిక కూడా అబద్ధం కాదు. 2017లో ఎరుడిటస్ డీఎన్‌ఏను పరిశీలించినవాళ్లకు ఆ ఒక్క పేరు కింద ఎప్పుడో విడిపోయిన వంశాలు చాలా కనిపించాయి. బయటికి చూస్తే వాటిని వేరు చేయడం గగనం. అంటే కలిపింది మళ్లీ విప్పాల్సి రావచ్చు.

కుటుంబం సంగతి తేలిక. వీటికి ముక్కు పురుగుల్లా పొడుగు ముక్కు లేదు కాబట్టి చాలాకాలం స్కోలిటిడే అని వేరు కాపురం పెట్టారు. పిల్ల పురుగుల ఒళ్లు, డీఎన్‌ఏ చూశాక ఇవి ముక్కు పురుగుల కుటుంబం లోపలివే అని తేలింది. ఇప్పుడు కర్కులియోనిడే కుటుంబంలో స్కోలిటినే ఉపకుటుంబం. మీ ఇంట్లో పాత బియ్యంలో కనబడే ముక్కు పురుగు, కొబ్బరి మానును లోపల తొలిచే ఎర్ర ముక్కు పురుగు, నీ పుల్లలోది, ముగ్గురూ చుట్టాలే. వుడ్ మాత్రం వేరు కుటుంబం అన్న మాట మీదే నిలబడ్డాడు. అందుకే మంచి పుస్తకాల్లో కూడా స్కోలిటిడే కనిపిస్తుంది.

తెగ అంటే ఉపకుటుంబానికీ ప్రజాతికీ మధ్య మెట్టు. దాని విషయం మరీ కొత్తది. చిన్న పురుగులన్నిటినీ ఇన్నాళ్లూ క్రిఫాలిని అనే ఒకే సంచిలో వేశారు. 2020లో జాన్సన్, హల్కర్, ఇంకా చాలామంది కలిసి ఆ సంచిని విప్పి నాలుగు తెగలు చేశారు. మన హైపోథెనెమస్ ట్రిపోఫ్లీయినిలోకి పోయింది. నీకు కనిపించిన రెండు పేర్లలో ఒకటి 2020కి ముందుది, ఇంకోటి తర్వాతది. అంతే.

ఈతవనం:

అక్కా, రెండు డౌట్లు. అరకు కాఫీ తోటల్లో కాయ తొలిచే పురుగు వచ్చిందని వార్తల్లో చూశాం. అది కూడా హైపోథెనెమస్సే అంటున్నారు కదా, అది మన బత్తాయికి ఎక్కదా? రెండోది, మా ఊరి చెలకల్లో ఈత చెట్లు చాలా. రాలిన ఈత గింజలను పిల్లలు ఏరి తెస్తారు, కొన్నిటికి గుండ్రటి సూది రంధ్రం ఉంటుంది. అంత గట్టి గింజను కూడా ఇదేనా తొలిచేది?

పాలెం పురుగులక్క:

అరకుది హాంపీ. ప్రజాతి ఒకటే, తిండి వేరు. ఎరుడిటస్‌కు ఏ ఎండు పుల్లైనా, కాయ తొడిమైనా, గింజైనా చెల్లుతుంది. హాంపీ పిల్లల్ని కనేది కాఫీ గింజలోనే. ఆఫ్రికా నుంచి కాఫీతో పాటే ప్రపంచమంతా తిరిగింది. మన దేశంలో మొదట 1990లో నీలగిరుల్లో గూడలూరు దగ్గర బయటపడింది. బత్తాయి రైతు దాన్ని తలుచుకుని నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఈత గింజల్లోది కోకోట్రైపిస్ అయ్యుండాలి. ఖర్జూరం గింజల్లో పెరిగే కోకోట్రైపిస్ డాక్టిలిపెర్డా అందరికీ తెలిసిన జాతి, ఈత కూడా ఖర్జూరం ప్రజాతిదే కదా. ఇది ట్రిపోఫ్లీయిని కాదు, దూరపు శాఖ. కానీ సంసారం మళ్లీ అదే, గింజలోనే అన్నాచెల్లెళ్ల జత. ఒకే అలవాటు ఈ ఉపకుటుంబంలో వేర్వేరు చోట్ల వేర్వేరుగా పుట్టింది. రంధ్రమున్న గింజలు కొన్ని మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో వేసి ఉంచండి, వాటంతట అవే బయటికొస్తాయి. ప్లాస్టిక్ కవర్ వద్దు, తొలిచేస్తాయి.

హాలియా తోట:

అక్కా, బ్లేడుతో చీల్చి చూశాను. నాలుగైదు చెట్ల నుంచి కొమ్మలు తీశాను. అన్నిట్లో ఒకే తీరు: ఎండిన చోటే సొరంగాలు, పచ్చి చెక్క తెల్లగా శుభ్రంగా ఉంది. నల్ల గోడలు ఎక్కడా లేవు. ఒక సొరంగంలో పది పన్నెండు నల్లవాటి మధ్య లేత గోధుమ రంగుది, సగం సైజుది ఒకటి నడుస్తోంది, ఎగరడం లేదు. మీరు చెప్పిన మగది అదేనా? ఫోటో పెట్టాను.

బాపుకు చూపించిన. "సరే, ఇది చంపకపోతే మరి పుల్లలెందుకు ఎండినయి? పురుగు ఉన్నది కదా, ఒకసారి కొడితే నష్టమేంది?" అంటున్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

పాలెం పురుగులక్క:

ఫోటోలో ఉన్నది మగదే, శభాష్. కళ్లు ఎంత చిన్నగా ఉన్నాయో చూడు. అయితే అప్పుడే ప్యూపా దశ దాటిన ఆడవి కూడా లేత రంగులోనే ఉంటాయి, అందుకే రంగు కాదు సైజు చూడాలి.

మీ బాపు మొదటి ప్రశ్న అసలు ప్రశ్న. తోట ఎడమ కాల్వ కింద అన్నావు, నేల నల్లరేగడా? పాదుల్లో నీళ్లు నిలుస్తాయా? బత్తాయిలో కొమ్మలు పైనుంచి కిందికి ఎండుతూ రావడానికి చాలాసార్లు కారణం వేరు దగ్గరే ఉంటుంది. మాను మొదట్లో నీళ్లు నిలిస్తే ఫైటోఫ్తోరా బూజు పీచు వేర్లను కుళ్లబెడుతుంది, మొదట్లో బంక కారుతుంది. వేరు పోయిన చెట్టు కొస కొమ్మలను వదిలేసుకుంటుంది. కష్టంలో ఉన్న చెక్క ఆల్కహాల్ వాసన వదులుతుంది, ఈ పురుగులు ఆ వాసన పట్టుకుని వస్తాయి. నల్లగొండలో సాయంత్రం కల్లు వాసనకు కదిలేది మనుషులొక్కరే కాదు. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు కూల్‌డ్రింక్ సీసాకు కిటికీ కోసి, లోపల హ్యాండ్ శానిటైజర్ పెట్టి, స్కూలు పిల్లలతో ఈ పురుగులను పట్టించారు.

కాబట్టి రేపు ఎండు పుల్లలు ఎక్కువగా ఉన్న చెట్టు మొదట్లో మట్టి తీసి చూడు. పీచు వేరు తోలు వేళ్లతో లాగితే ఊడొస్తుందా? మొదట్లో బెరడు మీద బంక ఉందా? ఉంటే ఆ పీచు వేళ్లు, కాస్త మట్టి కవర్లో వేసుకుని కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లు, మీకు దగ్గరే. మానుకు నీళ్లు తగలకుండా రెండు వలయాల పాదులు చేయండి. ఎండిన పుల్ల ఒక్కటే కాకుండా రెండంగుళాలు పచ్చి చెక్క కలుపుకుని కోసి, కోత మీద బోర్డో పేస్ట్ రాయండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. ఇనుప బకెట్‌లో కలపొద్దు, ప్లాస్టిక్ లేదా మట్టి పాత్ర వాడండి. కలిపాక శుభ్రమైన కత్తి మొన ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత పట్టిందా, సున్నం చాలలేదన్నమాట.

కోసిన పుల్లలు తోటలో కుప్పగా వదలకండి, తగలబెట్టండి. అది చాలు ఈ పురుగుకు.

రెండో ప్రశ్న, ఒకసారి కొడితే నష్టమేంది. పురుగు పుల్ల లోపల ఉంది, మందు బయట పడుతుంది. తగిలేది ఆకుల మీదున్న సాలీళ్లకూ అక్షింతల పురుగులకూ, అంటే మీకు ఎర్రనల్లినీ పేనునూ తిని పెట్టేవాటికి. ఇంకో సంగతి కూడా బాపుకు చెప్పు. న్యూ కాలెడోనియా అనే దీవుల్లో కాఫీ హాంపీ మీద ఎండోసల్ఫాన్ కొడుతూ పోయారు. 1980ల చివరికే మందుకు చావని పురుగులు తేలాయి. హాంపీ కొడుకులో తండ్రి ఇచ్చిన క్రోమోజోములు పని చేయవు, తల్లివే నడుస్తాయి. మందును తట్టుకునే గుణం తల్లి నుంచి కొడుక్కి వస్తే దాన్ని కప్పేసే ఇంకో కాపీ ఉండదు, పైగా పెళ్లి ఇంట్లోనే. ఆ గుణం కొద్ది తరాల్లోనే కుటుంబం మొత్తానికి స్థిరపడిపోతుంది. మన దగ్గర ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపేసిందనుకో, కానీ ఏ మందుకైనా ఇదే లెక్క.

నాకో సాయం చెయ్. కుప్పకు నిప్పు పెట్టేముందు పురుగులున్న పుల్లలు నాలుగు తీసి పెట్టు. పురుగులను సన్న కుంచెతో సర్జికల్ స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేయి, మగది కూడా. చెట్టు, ఊరు, తేదీ పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్ను ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఇన్‌బాక్స్‌లో అడ్రస్ పెడతాను.

నిడమనూరు అన్న:

అక్కా, నా బత్తాయిలోనూ ఎండు పుల్లలున్నయి. పొద్దున్నే బ్లేడు పట్టుకుని పోతున్న. బంక కూడా చూస్త.

హాలియా తోట:

మట్టి తీసి చూశాం అక్కా. మోటరు పక్క వరసలో మూడు చెట్లకు మొదట్లో బంక ఉంది, పీచు వేరు తోలు చేతికొచ్చింది. మిగతా వరసల్లో లేదు. రేపు కొండమల్లేపల్లి పోతున్నాం. సీసా సిద్ధం చేశాను, మగవి రెండు దొరికాయి.

షాపాయన ఒక డబ్బా వెనక్కి తీసుకున్నాడు. రెండోదానికి డబ్బులివ్వను అన్నాడు గానీ, బదులుగా మైలుతుత్తం ఇచ్చాడు. బాపు దానికే ఖుషీ.